పాత ఛాయాచిత్రాలలో ప్రైవేటు విమానాల గుర్తింపు

పాత ఛాయాచిత్రాలలో ప్రైవేటు విమానాల గుర్తింపు అనగా, విమానం లోపల తీసిన ఫోటోను బట్టి అది ఏ రకపు విమానమో, వీలైతే ఎవరి విమానమో, నిర్ణయించడం. బయటినుండి తీసిన ఫోటోలో సాధారణంగా రిజిస్ట్రేషన్ సంఖ్య కనిపిస్తుంది. లోపలి ఫోటోలో ఆ సౌకర్యం ఉండదు.

==చట్రం, అలంకరణ==
కుర్చీలు, తివాచీలు, రంగులు చూసి విమానం రకాన్ని నిర్ణయించరాదు. గ్రమ్మన్ గల్ఫ్‌స్ట్రీమ్ వంటి విమానాలను కర్మాగారం నుండి లోపల ఖాళీగానే అప్పగించేవారు. అలంకరణను యజమాని కోరిన విధంగా వేరే సంస్థలు చేసేవి. అందువలన ఒకే రకపు రెండు విమానాలకు లోపల పోలిక లేకపోవచ్చును. మారనివి కిటికీల ఆకారం, గోడల వంపు, నేల, తలుపు ఉన్న చోటు.

గల్ఫ్‌స్ట్రీమ్ విమానాల పెద్ద అండాకారపు కిటికీలు అడ్డంగా ఉంటాయి. వీటిని గుర్తించడం అన్నిటికంటే సులభం. లాక్‌హీడ్ జెట్‌స్టార్‌లో మధ్యనున్న నడవా కొంచెం పల్లంగా, కుర్చీలు దానికి ఇరువైపులా ఎత్తుగా ఉంటాయి. లియర్‌జెట్ 23లో పెద్దవారు నిటారుగా నిలబడలేరు. బీచ్‌క్రాఫ్ట్ 18లో రెక్కల దూలం విమానం లోపలినుండి అడ్డంగా పోతుంది, దానిని దాటి నడవాలి. డగ్లస్ డీసీ-3కి చిన్న చక్రం తోక క్రింద ఉన్నందున, అది నేలపై ఆగి ఉన్నపుడు లోపలి నేల వెనుకకు వాలి ఉంటుంది. అప్పుడు తీసిన ఫోటోలో గ్లాసులోని నీటి మట్టం బల్లకు సమాంతరంగా ఉండదు!

==ఎల్విస్ ప్రెస్లీ విమానాలు==
అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ 1975లో కొన్న "లీసా మేరీ" ఒక కాన్వైర్ 880. ఇది మొదట డెల్టా సంస్థ ప్రయాణీకుల విమానం. ఆయనకు జెట్‌స్టార్ విమానాలు కూడా ఉండేవి. కాన్వైర్ వరుసకు ఐదు కుర్చీలు పట్టే వెడల్పు గలది, కనుక పడకగది, సమావేశపు బల్ల కనిపించే ఫోటోను ఇరుకైన జెట్‌స్టార్‌గా పొరబడే అవకాశం తక్కువ. రెండు జెట్‌స్టార్‌లను వేరు చేయవలసి వస్తే మాత్రం చట్రం సహాయపడదు. అక్కడ అలంకరణే ఆధారం. వాటిలో ఒకటి ఎర్రని మఖమలు కుర్చీలతో, ఇంజన్లు లేకుండా, న్యూమెక్సికోలోని రోజ్‌వెల్‌లో దశాబ్దాలపాటు ఎండలో నిలిచి ఉండి, 2017లో వేలంలో 4,30,000 డాలర్లకు అమ్ముడుపోయింది. యజమాని పేరే విలువను నిర్ణయించే ఇటువంటి చోట తప్పు గుర్తింపు చాలా ఖరీదైనది.

==కాల నిర్ణయం==
ఒక రకపు విమానం తొలిసారి ఎగిరిన సంవత్సరం ఫోటోకు క్రింది హద్దు. ఉదాహరణకు గల్ఫ్‌స్ట్రీమ్ 2 తొలిసారి ఎగిరినది 1966లో, కనుక దానిలో ప్రయాణిస్తూ తీసిన ఫోటో అంతకు ముందుది కాజాలదు. పై హద్దు చెప్పడం కష్టం. చేతికుర్చీలోని బూడిదగిన్నె, తీగ ఉన్న టెలిఫోను పాతకాలాన్ని సూచించినా, అవి తరువాత కూడా తొలగించకుండా మిగిలి ఉండవచ్చును. కుర్చీల గుడ్డ చివరి మరమ్మత్తు కాలాన్నే చెబుతుంది, విమానం వయసును కాదు.

నెగటివును తిరగవేసి ముద్రించిన ఫోటోలు మరొక చిక్కు. డీసీ-3 ప్రధాన ద్వారం సాధారణంగా ఎడమవైపు వెనుకభాగంలో, గల్ఫ్‌స్ట్రీమ్ ద్వారం ఎడమవైపు ముందుభాగంలో ఉంటాయి. ద్వారం కుడివైపు కనిపిస్తే, ముందుగా ఫోటోలోని గడియారాన్నో పత్రికల అక్షరాలనో పరిశీలించాలి.