తూఫాన్ ఖబర్ తెచ్చిన పెట్టె

ఉర్దూలో తేదీని తారీఖ్ అంటాం. చరిత్రనీ తారీఖ్ అనే అంటాం. మా ఉర్దూ మీడియం బడిలో తారీఖ్ పీరియడంటే బాద్షాల పేర్లు, జంగ్‌లు జరిగిన సంవత్సరాలు, అంతే. బాపట్ల, నిజాంపట్నం, రేపల్లె వైపు బుజుర్గుల దగ్గర కూర్చుని తారీఖ్ అడిగితే బాద్షాల ఊసే రాదు. రెండు తేదీలు చెబుతారు. ఒకటి 1977 నవంబర్ 19. రెండోది 1990 మే 9.

మొదటి తేదీన తూఫాన్ చీరాల దగ్గర తీరం దాటింది. మన వైపు తూఫాన్ దారికి కుడిపక్కన గాలి సమందర్‌ని నేల మీదికి తోస్తుంది. అందుకే చీరాలకి కుడిచేతి వైపున్న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. తాటిచెట్లంత అల అని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. సర్కారీ లెక్క ప్రకారమే దాదాపు పదివేల జానాలు పోయాయి. బాపట్లలో ఒక ప్రార్థన మందిరంలో తలదాచుకున్న జనం మీద ఆ మందిరమే కూలి, దాదాపు వందమంది చనిపోయారు.

రెండో తేదీ తూఫాన్ కూడా చిన్నదేమీ కాదు. మచిలీపట్నానికి నైరుతి దిక్కున, కృష్ణ సముద్రంలో కలిసే చోటు దగ్గర, అంటే రేపల్లె గుమ్మంలోనే తీరం దాటింది. పొలాలు పోయాయి, ఇళ్లు పోయాయి, పశువులు లక్షకు పైగా చచ్చాయి. మనుషులు 967 మంది పోయారు. ప్రతి జానూ జానే, అది తక్కువ దుఃఖం అని నేను అనను. కానీ పదివేలు ఎక్కడ, వెయ్యి లోపు ఎక్కడ? మధ్యలో గడిచింది పదమూడేళ్లే.

ఆ పదమూడేళ్లలో ఏం మారింది? తూఫాన్ షెల్టర్లు కట్టారు. రోడ్లు కొంత బాగుపడ్డాయి. 1977 భయం జనం గుండెల్లో ఉంది గనక, ఖాళీ చేయమంటే కదిలారు. 1990లో లక్షన్నరకు పైగా జనాన్ని ముందే సురక్షితమైన చోట్లకి తరలించారు. ఇవన్నీ చాలాసార్లు రాశారు. వీటి వెనక ఒక చిన్న పెట్టె ఉంది. దాని గురించి తెలుగులో ఎక్కువగా ఎవరూ రాయలేదు. ఈసారి నేను రాయాలనుకున్నది దాని గురించే.

అంతకుముందు తూఫాన్ ఖబర్ పల్లెకి ఎలా చేరేదో చూడండి. టెలిగ్రామ్‌గా వచ్చేది, టెలిఫోన్‌లో వచ్చేది, ఆకాశవాణి బులెటిన్‌లో వచ్చేది. మొదటి రెండూ తీగల మీద నడిచేవి. తూఫాన్‌కి ముందుగా తెగేది తీగే. ఇక రేడియో. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. దాని గొంతు మన తీరమంతా వినిపించేది. కానీ రాత్రి ప్రసారాలు ముగిశాక రేడియో కట్టేసి పడుకున్న ఇంటికి ఏ ఖబర్ చేరుతుంది? నిద్రలేపి చెప్పే రేడియో అప్పుడు లేదు.

1983 ఆగస్టులో ఇన్‌శాట్-1బీ ఉపగ్రహం అంతరిక్షానికి చేరింది. దాన్ని ఆసరా చేసుకుని వాతావరణ శాఖ ఒక కొత్త బందోబస్తు చేసింది. తూఫాన్ హెచ్చరిక ప్రసార వ్యవస్థ అని దాని పేరు. మొదట వంద పెట్టెల దాకా ఆంధ్ర, తమిళనాడు తీరాల్లో పెట్టారు. మద్రాసులోని తూఫాన్ హెచ్చరిక కేంద్రం నుంచి పైగామ్ బయలుదేరేది. అది భూకేంద్రం నుంచి ఉపగ్రహానికి వెళ్లి, అక్కడినుంచి తీరంలోని సర్కారీ ఆఫీసుల కప్పుల మీదున్న డిష్‌లకి దిగేది. ప్రతి జిల్లాకీ ఒక కోడ్. ఆ కోడ్ కలిసిన పెట్టెలే మేల్కొనేవి. ముందు సైరన్ మోగేది, తర్వాత తెలుగులో మనిషి గొంతు వినిపించేది. తీగ లేదు, స్తంభం లేదు. అర్ధరాత్రయినా ఆ పెట్టె లేపి చెప్పేది.

ఇక్కడే ఆంప్లిఫయర్ కథ మొదలవుతుంది. ఆ ఉపగ్రహం భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడినుంచి దిగే సిగ్నల్ మన డిష్‌కి చేరేసరికి ఒక వాటులో కోటానుకోట్ల వంతు మిగులుతుంది. దాన్ని వినిపించేంతగా పెంచాలి. పెంచేటప్పుడు ఒక ముష్కిల్ ఉంది. ఆంప్లిఫయర్‌కి మంచిచెడ్డలు తెలియవు. లోపలికి పైగామ్ వస్తే పైగామ్‌ని పెంచుతుంది, శోర్ వస్తే శోర్‌నీ అంతే పెంచుతుంది. అందుకే మొదటి ఆంప్లిఫయర్‌ని డిష్ దగ్గరే పెడతారు. సిగ్నల్ తీగలో నడిచి నీరసపడకముందే దాన్ని అందుకోవాలి. ఆ మొదటి ఆంప్లిఫయర్ తన సొంత శోర్ వీలైనంత తక్కువ కలపాలి. అక్కడ పాడైన సిగ్నల్‌ని లోపల ఎన్ని ఆంప్లిఫయర్లు పెట్టినా బాగుచేయలేం.

మన ఇళ్లలో బాత్ ఒక నోటి నుంచి ఇంకో నోటికి ఎలా మారిపోతుందో మనకి తెలుసు. మొదట విన్నవాడు సరిగా వినకపోతే చివరివాడు ఎంత గట్టిగా అరిచినా అది తప్పు ఖబరే.

ఇలా సన్నటి ఆవాజ్‌ని పెంచే హునర్ పాతదే. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ మూడు ఎలక్ట్రోడ్ల వాల్వు చేశాడు. కొన్నేళ్లకి దాన్ని ఆంప్లిఫయర్‌గా వాడటం నేర్చుకున్నారు. రేడియో ప్రసారాలన్నీ ఆ గాజుబుడ్డి మీదే నిలబడ్డాయి. మన హైదరాబాద్‌లో నిజాం కాలంలో దక్కన్ రేడియో 1935లో 200 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో మొదలైంది. 200 వాట్లంటే ఇవాళ మన ఇంట్లో రెండు మూడు సీలింగ్ ఫ్యాన్లు తినేంత కరెంటు. అంతదానితో ఉర్దూ గొంతు షహర్‌లో గాలిలోకి వెళ్లింది. 1950 ఏప్రిల్ 1న ఆ స్టేషన్‌ని భారత ప్రభుత్వం తీసుకుంది.

వాట్లు పెంచితే ఆవాజ్ అంతా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. హిసాబ్ వేరే ఉంది. నాలుగింతల వాట్లు పోస్తేగానీ అవతల అందే సిగ్నల్ వోల్టేజీ రెండింతలు కాదు. అందుకే తెలిసిన ఆపరేటర్లు ముందు ఏరియల్ చూస్తారు, తీగ చూస్తారు, ఎర్తింగ్ చూస్తారు. ఆంప్లిఫయర్ జోలికి ఆఖరున వెళతారు.

ఆ ఆఖరి పెట్టెలో జాన్‌కే ఖతరా ఉంది. వాల్వులతో నడిచే పెద్ద ఆంప్లిఫయర్ లోపల వెయ్యి నుంచి మూడు నాలుగు వేల వోల్టుల దాకా ఉంటుంది. మన ఇంటి 230 వోల్టుల ప్లగ్గే మనిషిని చంపగలదు. ఇందులో ఇంకో మోసం కూడా ఉంది. స్విచ్ ఆపి ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో ఆ వోల్టేజీ నిలిచే ఉంటుంది. దాన్ని మెల్లగా దింపడానికి ఒక రెసిస్టర్ పెడతారు. అది కాలిపోయిందో లేదో బయటికి కనిపించదు. అందుకే చదువుకున్న ఇంజినీర్లు కూడా ప్లగ్ పీకి, కాసేపు ఆగి, ఎర్త్‌కి కట్టిన కొక్కేన్ని పొడవాటి కర్ర చివర పట్టుకుని కెపాసిటర్‌కి తాకించి, మీటర్‌తో చూసుకుని, అప్పుడే చేయి పెడతారు. మూత తెరవగానే కరెంటు ఆగిపోయే స్విచ్ ఒకటి ఉంటుంది. పని త్వరగా కావాలని దాన్ని కట్టేసి పనిచేయడం ఖుద్కుషీయే.

పాత రేడియో ఉస్తాద్‌లు ఒక చేయి జేబులో పెట్టుకుని పనిచేసేవారు. కరెంటు ఒక చేతినుంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోకుండా ఆ ఎహతియాత్. ఒంటరిగా పనిచేయకూడదన్నది ఇంకో ఉసూల్. పక్కన ఇంకొకరు ఉండాలి, మెయిన్ స్విచ్ ఎక్కడుందో వాళ్లకి తెలిసుండాలి. ఏరియల్ తగిలించకుండా ట్రాన్స్‌మిటర్ నడపకూడదు, పోయిన శక్తి వెనక్కి వచ్చి సెట్టునే కాలుస్తుంది. ప్రసారం నడుస్తుండగా ఏరియల్ ముట్టుకుంటే చర్మం పైన చిన్న మచ్చే కనిపిస్తుంది, లోపల మాంసం దాకా కాలుతుంది.

ఈ ఉసూళ్ల విలువ తూఫాన్ వేళ ఇంకా పెరుగుతుంది. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ అనే హామ్ ఆపరేటర్ బృందంతో అండమాన్ వెళ్లారు. ఆ దీవుల నుంచి అలా హామ్ రేడియో మాట్లాడటం 17 ఏళ్ల తర్వాత అదే మొదటిసారి. షౌక్ కోసం వెళ్లిన పని. డిసెంబర్ 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. ఆ షౌక్ సెట్టే పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఖబర్లు మోసింది. ఎవరు బతికున్నారు, ఎవరికి ఏం కావాలి అన్న పైగామ్‌లు దాని మీదే నడిచాయి. అదే సునామీ మన తీరాన్నీ తాకింది. ఆ బృందం పని చేయగలిగిందంటే సెట్టు సిద్ధంగా ఉండటం, నడిపే చేతికి తర్బియత్ ఉండటం రెండూ కారణమే. ముసీబత్ వచ్చాక నేర్చుకునే హునర్ కాదది.

ఇప్పుడు రామాపురం వస్తాను. వేటపాలెం పక్కన, చీరాలకి దగ్గర్లో ఉన్న ఈ తీరం ఊరు ఇవాళ చాలామందికి బీచ్‌గానే తెలుసు. ఊరి అసలు జీవనం చేపల వేట. వార్త కోసం వెళ్లినప్పుడు అక్కడ వేటకెళ్లే ఒక పెద్దాయన నాతో అన్నాడు: "సాయిబు గారూ, గాలిని చూసి మా నాయన చెప్పేవోడు. మాకు సెట్టు చెప్పాల."

సెట్టంటే బోటులో పెట్టే వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్. దాని జోర్ 25 వాట్లకి మించదు, దగ్గరివాళ్లతో మాట్లాడటానికి ఒక వాటుకి తగ్గించుకోవచ్చు. 16వ ఛానెల్ దునియా అంతటా ముఖ్యంగా ఆపద కోసం ఉంచారు. అక్కడ గప్పాలు కొట్టేవాడు, సెట్టుకి అనుమతి లేని ఆంప్లిఫయర్ తగిలించి జోర్ పెంచేవాడు, మునిగిపోతున్న ఇంకో కష్తీ ఆవాజ్‌ని తొక్కేస్తున్నట్టే లెక్క.

నేల మీద కూడా ఇదే సంగతి. ఇంట్లో సెల్ సిగ్నల్ రావడం లేదని ఆన్‌లైన్‌లో బూస్టర్ కొని డాబా మీద పెడుతున్నారు. అనుమతి లేకుండా అలాంటివి పెట్టడం మన దేశంలో నేరం. 1933 వైర్‌లెస్ చట్టం నాటినుంచీ ఈ పరికరాలకి లైసెన్స్ అడుగుతున్నారు. కానూన్ సంగతి పక్కన పెట్టినా, నాసిరకం బూస్టర్ తన శోర్‌ని తానే వింటూ, తానే పెంచుకుంటూ, చుట్టుపక్కల టవర్‌నే చెవిటిదాన్ని చేస్తుంది. తూఫాన్ రాత్రి మొహల్లా మొత్తం 108కి ఫోన్ కలపలేకపోతే దానికి కారణం ఒక డాబా మీద పెట్టె కావచ్చు.

ఉప్పుగాలి ఊళ్లలో ఇంకో దుష్మన్ ఉంది, అది తుప్పు. సిగ్నల్ తీగ కలిసే చోట ఆకుపచ్చ పొర పట్టిందంటే ఎంత మంచి ఆంప్లిఫయరైనా బేకారే. ఆ కలిసే చోట్లకి నీరు దిగకుండా టేపు చుట్టాలి, ఏడాదికోసారి విప్పి చూడాలి. ఏరియల్ స్తంభం నిలబెట్టే ముందు అది పడితే ఎక్కడ పడుతుందో లెక్క వేసుకోవాలి. కరెంటు తీగ అందే దూరంలో ఉంటే ఆ చోటు వద్దు. ఉరుములు మొదలవ్వకముందే ఏరియల్ తీగ విప్పి బయట పెట్టాలి. జనరేటర్ గదిలో నడపకూడదు, దాని పొగకి వాసన తెలియకుండానే ప్రాణం పోతుంది.

ఇదంతా ఆపరేటర్ల ముచ్చట, మనకెందుకు అనుకోకండి. మన తీరం ఊళ్లలో తూఫాన్ వేళ గుడి మైకూ చర్చి మైకూ మోగినట్టే మసీదు మైకూ మోగుతుంది. ఉపగ్రహం నుంచి తహసీల్దార్ ఆఫీసు దాకా వచ్చిన ఖబర్, ఇవాళ ఫోన్లో వచ్చే ఖబర్, చివరి గజం దాటేది చాలాసార్లు ఆ మైకు మీదుగానే. అది రేడియో ఆంప్లిఫయర్ కాదు, మాటని పెంచే ఆంప్లిఫయర్. కానీ లోపలి కెపాసిటర్లు, ఎర్తింగ్, తుప్పు, బ్యాటరీ అన్నీ అవే సంగతులు. చాలాచోట్ల ఆ పెట్టె ముఅజ్జిన్ సాబ్ చేతుల్లో, తడి వుజూ చేతుల దగ్గర, ఎర్త్ లేని ప్లగ్గుకి తగిలించి ఉంటుంది. బ్యాటరీ ఎప్పుడు మార్చారో కమిటీలో ఎవరికీ గుర్తుండదు.

1990లో సైరన్ మోగిందంటే, అంతకుముందు ఎన్నో నెలలు ఏ తూఫానూ లేని రోజుల్లో ఎవరో ఉద్యోగి ఆ డిష్ తుడిచాడు, బ్యాటరీ చూశాడు, తీగ బిగించాడు. అతని పేరు ఏ తారీఖ్‌లోనూ లేదు.

అక్టోబర్, నవంబర్ మనకి తూఫాన్ నెలలు. అంతకు ముందే ఒక జుమా నమాజ్ అయ్యాక మీ కమిటీ వాళ్లతో మాట్లాడండి. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి మైకు ఎర్తింగ్ చూపించండి. బ్యాటరీ మీద కొన్న తారీఖ్ రాసి అంటించండి. మెయిన్ కరెంటు ఆపి, బ్యాటరీ మీద ఒక గంట నడిపి చూడండి. మూత మాత్రం మీరు విప్పకండి.