పేరు లేని కథలు, పేరున్న మనమ్మాయి

ఇలా కుంపటి దగ్గరికి జరగరా అబ్బాయ్. ఆ ఫోను పక్కన పెట్టు, పారిపోదులే. మా చిన్నప్పుడు ఏం చదివేవాళ్లం అని అడిగావు కదూ? బడి చదువు సంగతి నీకెందుకు, దొంగచదువు సంగతి చెప్తా విను.

ఉంగుటూరులో మా వీధి మొత్తానికి ఒక్క చందమామ వచ్చేది. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు మొదలుపెట్టినప్పుడు దాని వెల ఆరణాలు. నవ్వకు, పదహారణాలైతే రూపాయి. ఆరణాలకి ఇంటికి కావలసిన సరుకు చాలానే వచ్చేది. 1957లో నయాపైసలొచ్చాక ఆరణాలు ముప్పై ఏడున్నర పైసలైంది. ఆ అర పైసా ఎవరు వదులుకోవాలో తేలక మా తాతయ్యకీ మూల కొట్టాయనకీ మాటలు పోయాయి. ఉప్పు రాయి కావాలన్నా ఊరి ఆ చివర కొట్టుకి నడవాల్సొచ్చేది, అదీ మేమే. పెద్దవాళ్ల పంతాలు, పిల్లల కాళ్లు. సరే, ఎక్కడున్నాం? చందమామ దగ్గర.

పుస్తకం రాగానే అరుగు మీద చేరేవాళ్లం. నాకు నోరు పెద్దదని చదివే పని నాకిచ్చారు. ముందు సీరియలే. 1954లో ‘తోకచుక్క’, ఆ తర్వాత ‘మకర దేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’... ఒకటి అయిపోతే ఇంకోటి. సరిగ్గా వీరుడు చీకటి సొరంగంలోకి అడుగుపెట్టగానే ‘ఇంకా ఉంది’ అని ఉండేది. అంతే, నెల ఆగాలి. మీరైతే పది భాగాలూ ఒక్క రాత్రి చూసేసి పొద్దున్నే ఆవులిస్తారు. మాకు ఆ నెలంతా పనే. సొరంగంలో ఏముందో తలా ఒకటి చెప్పేవాళ్లం. పందేలు కాసి గోళీలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

వేసవిలో ఇంకో చిక్కు. మన వైపు చిన్నరసాలు ఎలా తింటారో నీకు చెప్పాలా? పిసికి, ముచ్చిక కొరికి, నోటికి పెట్టుకుంటే రసం మోచేతిదాకా కారుతుంది. చేతులు కడుక్కోకుండా చందమామ ముట్టుకోకూడదని అమ్మ ఆర్డరు. ఓ రోజు ‘కంచుకోట’లో చిత్రాగారు వేసిన బొమ్మ మీద, సరిగ్గా మాంత్రికుడి గడ్డం పక్కన, పచ్చటి వేలిముద్ర పడింది. దాని చుట్టూ కాగితం ఎండి ముడుచుకుని, చిన్న పీచుముక్క కూడా అతుక్కుని ఉంది. ఇంట్లో అందరికీ తలా ఓ మొట్టికాయ పడింది.

మా పెద్దన్నయ్య అప్పటికే కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ పుస్తకాలు లెక్కల పుస్తకంలో పెట్టుకు చదివే రకం. తను యుగంధర్, నేను అసిస్టెంటు రాజు. ఇంటిల్లిపాది బొటనవేళ్లూ ఆ మచ్చ మీద పెట్టించి చూశాడు. పిల్లల వేలు ఒక్కటీ సరిపోలేదు, మచ్చే పెద్దది. మిగిలింది తాతయ్య. ‘పనికిమాలిన కథలు, పిల్లల బుర్రలు పాడుచేస్తున్నాయి’ అని రోజూ అనే తాతయ్య! నిద్రపోతుండగా వేలు పట్టుకెళ్లి ఆనించాం. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. గుట్టు అమ్మకి చెప్పకుండా ఉండటానికి అన్నయ్య ఆయన దగ్గర వారానికో బేడ చొప్పున గుంజాడు. బేడంటే రెండణాలు, మళ్లీ అడక్కు.

ఇంతకీ ఆ కథలు రాసేదెవరు? అచ్చులో పేరుండేది కాదు. చక్రపాణిగారే అని ఒకడు, కొడవటిగంటి కుటుంబరావుగారని ఇంకొకడు కొట్టుకునేవాళ్లు. నా తల నెరిశాక తెలిసింది, ఆయన దాసరి సుబ్రహ్మణ్యంగారట. తెనాలి వైపు పెదగాదెలవర్రు మనిషి. 1952లో చందమామలో చేరి, అలాంటి సీరియల్స్ పన్నెండు రాశారు. 2010లో బెజవాడలో పోయారు. చూశావా, మనకింత దగ్గర. ఆయన మా చుట్టమని చెప్పుకున్నవాళ్లు మన ఊళ్లో ఒక్కరూ లేరు. పేరే తెలియకపోతే చుట్టరికం ఎక్కణ్ణుంచొస్తుంది?

అదే మాలతీ చందూర్ గారి సంగతైతే, అబ్బో! ఆవిడ పుట్టింది నూజివీడు. ఎనిమిదో క్లాసుదాకా అక్కడే, ఆ పైన ఏలూరు. పెళ్లయ్యాక 1947లో మద్రాసు వెళ్లారు. కాలేజీ గడప తొక్కలేదు. అయినా ఇంగ్లీషు నవలలు వందలకొద్దీ చదివి ‘పాత కెరటాలు’ పేరుతో మన పక్కింటి సంగతిలా చెప్పేవారు. ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షిక 1952 నుంచి నలభై ఏళ్లకి పైగా నడిపారు. ఆడవాళ్లు వంట అడిగినా, వైద్యం అడిగినా, అత్తగారి పోరు గురించి అడిగినా జవాబు చెప్పేవారు.

పొరుగింటి పుల్లకూర రుచి కదా! మధ్యాహ్నం అంట్లు కడిగేశాక మా వసారాలో ఆడవాళ్లంతా చేరేవాళ్లు. నేనే చదవాలి. ఓసారి ఎవరో కోడలు, అత్తగారు పంచదార డబ్బాకి తాళం వేస్తుందని రాసిందట. ఇంక చూడు, ఆ కోడలు మన ఊరిదే అని తీర్మానించేశారు. ఏ ఇల్లన్నదే మిగిలిన కేసు. మా వీధిలో డబ్బాలకి తాళాలు వేసే అత్తగార్లు ఒకరా ఇద్దరా! ప్రతివాళ్లకీ అది తమ గురించేనని గుబులు. ఆ వారం ఊళ్లో తాళాలన్నీ ఊడొచ్చాయి, మేం పిల్లలం పంచదార బొక్కాం.

ఇక చుట్టరికాలు. కలిగినవారికి అందరూ చుట్టాలే అన్నారు. మాలతి మా పిన్ని ఆడపడుచు తోడికోడలి వైపు అని ఒకరు. మేమూ ఆవిడా ఒకే బెంచీ అని ఇంకొకరు. లెక్కేస్తే ఆ బెంచీ ఫర్లాంగు పొడుగుండాలి. ఆవిడ నూజివీడు స్టేషన్లో రైలు దిగి తిన్నగా ఇంటికి నడిచి వెళ్తుంటే కళ్లారా చూశానని ఒకాయన ప్రమాణం చేశాడు. నూజివీడు స్టేషను నూజివీడులో ఎక్కడుందిరా! హనుమాన్ జంక్షన్ దగ్గర కదూ ఉంది. అక్కడ దిగి నడిస్తే ఊరు చేరేసరికి పొద్దుగూకుతుంది.

1992లో ‘హృదయనేత్రి’కి సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చినప్పుడు, ఆ ప్రమాణం చేసినాయనే పేపరు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ముసలాయనైపోయాడు, ఊతకర్ర కూడా ఉంది. కాఫీ ఇచ్చి, ‘ఇంతకీ ఆ నవల చదివావా బాబాయ్?’ అన్నాను.

‘మనమ్మాయే కదే రాసింది, ఇంక చదవడం దేనికీ?’ అన్నాడు.