ధ్వని పంపకము



చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరి విని, నారాయణగూడలోని యింటికి వచ్చి, ఆ రాగమునే రేడియోలో వినినవానికి ఏదో కొరత తోచును. గాత్రము గొట్టములోనుండి వచ్చినట్లుండును; మృదంగపు తొప్పి గాంభీర్యము వినరాదు. ఈ కొరత యెట్లు పుట్టినది, దానిని తీర్చుటకు మానవుడు ధ్వనిని ఎట్లు పంచెను అనునదియే నేటి ప్రసంగము.

హైదరాబాదులో నిజాము ప్రభుత్వ రేడియో 1935లో మొదలై, 1950లో ఆలిండియా రేడియోలో చేరెను. ఆనాటి రేడియో పెట్టెలలో పెక్కింటికి వెనుకభాగము తెరచియే యుండెడిది. పట్నములోనైనను పల్లెచావడిలోనైనను గాత్రమును తాళమును ఒకే కాగితపు శంకువు మోయవలసి యుండెను. అయస్కాంతముచెంత తీగచుట్ట కదలి శంకువును ఆడించు ఈ సాధనమును అమెరికాలో రైస్, కెలాగ్ అనువారు 1925లో వెల్లడించిరి.

మంద్రమునకు పెద్ద శంకువు, తారమునకు చిన్న శంకువు తగును. 1933లో ఫిలడెల్ఫియా వాద్యబృందపు సంగీతమును తీగలపై వాషింగ్టనునకు పంపినప్పుడు, హెచ్చు తగ్గు స్వరములకు వేర్వేరు లౌడుస్పీకర్లను వాడిరి. కాలువ నీటిని తూము పంచినట్లు ధ్వనిని పంచు ఈ యేర్పాటునకే క్రాసోవరు అని పేరు. తీగచుట్ట తారమును ఆపును. కండెన్సరు మంద్రమును ఆపును.

పెట్టెను విడిచి చెక్కపలకకే శంకువును బిగించు పద్ధతియు గలదు. ఇంట చేసికొనుటకు సులభము; పెట్టె రొద యుండదు. కాని పొట్టి కట్టను చుట్టి నీరు పారినట్లు, వెనుకటి అల అంచు దాటి ముందటి అలను హరించును. సెకనుకు 100 కంపనముల అల పొడవు సుమారు 11 అడుగులు. రెండడుగుల పలక దానికేపాటి? అట్టి పలకపై కొన్ని వందల కంపనములకు దిగువ, కంపనసంఖ్య సగమైనప్పుడెల్ల ధ్వనిపీడనమును సగమగును.

కావున చేయువాడు మూడు నిర్ణయములు చేయవలెను. మొదటిది, హద్దు ఎచ్చట? మాటకు ప్రాణమైన 300 మొదలు 3,000 కంపనముల మేర నడుమ గీత గీయకున్న మేలు. మనిషి కంఠము రెండు ముక్కలైనచో చెవి వెంటనే పసిగట్టును. రెండవది, హద్దు ఎంత నిటారుగా నుండవలెను? మెల్లని వాలునకు సామగ్రి స్వల్పము. కాని చిన్న శంకువుపై మంద్రపు బరువు పడును. మూడవది, పంపకము ఆంప్లిఫయరునకు ముందా, వెనుకా? ముందైనచో శంకువున కొక ఆంప్లిఫయరు కావలెను, ఖర్చు హెచ్చును. కాని పలక పోగొట్టిన మంద్రమును లెక్కప్రకారము పెంచి పూరింపవచ్చును. ఆ పెంపును భరించుటకు శంకువు పెద్దది కావలెను.

హద్దువద్ద జగడమును తీర్చినవారు లింక్విట్జ్, రైలీ అను ఇంజనీర్లు. లింక్విట్జ్ 1976లో ప్రకటించిన పద్ధతిలో, హద్దుకడ ఒక్కొక్క శంకువు సగము పీడనమే యిచ్చును. రెండును కాడియెడ్లవలె ఒకే అడుగు వేయుటచే మొత్తము పూర్తియగును. ఆయనయే తరువాత పలక లౌడుస్పీకర్లను పెక్కింటిని రూపొందించెను.

అశోక్‌నగరములోని చిన్న గదికైనను, మీ యూరి చావడికైనను నియమమొక్కటే: మంద్రము కొంత తగ్గినను సహింపవచ్చును, మాట చీలరాదు. చేసినదానిని గణితముతో కొలిచి, పిదప గానసభకు మరల పోయి విని వచ్చి సరిదిద్దవలెను. అసలు కొలబద్ద అచ్చటనే కలదు.