మన ఇంటి బొగ్గు పొయ్యి

 

మన పండుగ సంచికలలో గుడుల చరిత్ర, బడుల చరిత్ర, నాటకాల చరిత్ర వచ్చినవి. వంటింటి చరిత్ర అరుదుగా వచ్చింది. అందుచేత ఈసారి మేము బొగ్గు పొయ్యిని గురించి నాలుగు మాటలు వ్రాయదలచాము.

1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవుకు చేరింది. అది మొదలు 1911 వరకు 1,52,000 మందికి పైగా కూలి ఒప్పందం మీద నేటాల్ దేశానికి వచ్చారు. వారిలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు ఉన్నారు. చెరుకు తోటల దగ్గర వారి వంట మూడు రాళ్ళ పొయ్యి మీద, ఏరుకొచ్చిన పుల్లలతో సాగింది. ఊరిలో ఉన్న పొయ్యి కూడా అటువంటిదే.

1890లో రైలు దారి న్యూకాసిల్ చేరింది. ఉత్తర నేటాల్‌లో గనులు పెరిగినవి. మన వారిలో కొందరు చెరుకు కత్తి వదలి గునపం పట్టారు. మా తాతగారు డండీ దగ్గర ఒక గనిలో పని చేశారు. మన పొయ్యిలోకి రాక్షసి బొగ్గు వచ్చింది ఈ దారినే.

ఆ బొగ్గు వెనుక కష్టం ఉంది. 1895 నాటి చట్టం ప్రకారం, ఒప్పందం ముగిసిన తరువాత ఇండియాకు తిరిగి పోకుండా, మరల ఒప్పందం చేయకుండా ఇక్కడ ఉండేవారు ఏటేటా 3 పౌన్ల పన్ను కట్టాలి. 1913 అక్టోబరులో న్యూకాసిల్ గని కార్మికులు ఆ పన్ను పోవాలని పని మానారు. ట్రాన్స్‌వాల్ నుండి వచ్చిన స్త్రీలే వారి ఇండ్లకు వెళ్ళి ఆ మాట చెప్పారు. నవంబరు 6న గాంధీగారి వెంట 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు సరిహద్దు వైపు నడిచారు. అంటే ఇంటి పొయ్యి ఆర్పి, పిల్లలను చంకనెత్తుకొని బయలుదేరిన తల్లులు వారిలో ఉన్నారు. ప్రభుత్వం వారిని పట్టి వెనుకకు పంపింది. గని ఆవరణలనే జైళ్ళుగా చేసింది. అయినా 1914లో పన్ను రద్దయింది.

మా నాన్నగారి కాలంలో మా ఇంటికి పోత ఇనుము పొయ్యి వచ్చింది. 'వెల్కమ్ డోవర్' పేరు మీలో చాలామంది ఎరుగుదురు. అన్నం, రొట్టె, స్నానానికి వేడినీళ్ళు, చలికాలంలో ఇంటికి వెచ్చదనం అన్నీ దాని నుండే. కాని అది రోజూ సేవ అడిగేది.

తెల్లవారి లేచి జల్లెడ కడ్డీలు కదిపి బూడిద దులపాలి. కింది బూడిద పెట్టె ఖాళీ చేయాలి. నిండిన పెట్టె గాలిని ఆపుతుంది, కడ్డీలు కాలి వంగిపోతాయి. తరువాత కాగితం, పుల్లలు, వాటి మీద చిన్న బొగ్గు. ముట్టించేటప్పుడు పొగ గొట్టం మూత పూర్తిగా తెరవాలి. మంట నిలిచాక కొంచెం దించాలి. వారానికి ఒకసారి పొయ్యి చల్లార్చి, గొట్టంలో మసి గీకాలి. మసి పేరుకుంటే పొగ ఇంట్లోకి తిరుగుతుంది, ఒక్కొక్కప్పుడు గొట్టమే అంటుకుంటుంది. ఇనుముకు బీట పడితే నిప్పు మన్ను పూయాలి. పండుగ ముందు నల్ల పాలిషు పెట్టి మెరిపించాలి. బొగ్గు మోయడం మగపిల్లల పని, మసి గీకడం అందరి పని. కట్టె బూడిద మొక్కలకు. బొగ్గు బూడిద బురద దారికి. ఇది మా అవ్వ కట్టడి.

అవ్వకు ఇంకొక కట్టడి ఉండేది. అది ఒక రాత్రి తరువాత వచ్చింది. డండీలో చలి గట్టిది, నేల మీద మంచు పేరుకుంటుంది. చిల్లులు పొడిచిన డబ్బాలో మండే బొగ్గు పోసి, మేము దానిని పడక గదిలోకి తెచ్చి తలుపు మూశాము. అర్ధరాత్రి అవ్వ లేచి చూస్తే తమ్ముడు పలకలేదు. ఆమె వాణ్ణి ఈడ్చుకొని వాకిట్లో చలిలో పడుకోబెట్టింది. చాలాసేపటికి కళ్ళు తెరిచాడు. మాకు తల పగిలిపోతున్నది, కాళ్ళు నిలవలేదు. "పొగ లేదు కదా అని నిప్పును నమ్మకండిరా" అన్నది. ఆ విషవాయువు పేరు కార్బన్ మోనాక్సైడ్ అని, దానికి రంగు, వాసన లేవని మేము బడిలో చదువుకొన్నాము. అవ్వ బడికి పోలేదు. ఈనాడు కరెంటు పోయినప్పుడు గదిలో కుంపటి పెట్టేవారు ఉన్నారు. వారికి ఈ మాట చెప్పండి. నిప్పు ఉన్న గదికి గాలి దారి ఉండాలి.

రాత్రి అవ్వ నిప్పు మీద బూడిద కప్పి ఉంచేది. ఆ పలుచని బూడిదను 'నివురు' అనేది. మాకు అది పొయ్యి మాట మాత్రమే. చాలా ఏండ్ల తరువాత సాయంకాలపు తెలుగు తరగతిలో మాస్టరుగారు 'నివురు గప్పిన నిప్పు' అని పలక మీద వ్రాశారు. తరగతిలో ఎవరికీ అర్థం తెలియలేదు. మేము ఒక్కరమే చెయ్యి ఎత్తాము. అక్షరాలు రాని అవ్వ మాకు ఆ పాఠం ముందే చెప్పి ఉంచింది.

ఆ పొయ్యి ఇప్పుడు లేదు. ఇల్లు మారినప్పుడు ఎత్తలేక వదిలాము. మీ ఇంట్లో పెద్దవారు ఇంకా ఉంటే, వారు పొయ్యి దగ్గర వాడిన మాటలు అడిగి ఒక పుస్తకంలో వ్రాసుకొనండి. ఈ పండుగ సెలవులలోనే అడగండి.