కాకినాడ ప్రయోగం

ఏదైనా సాధించాలన్న తపనను శిక్షణతో పెంచవచ్చా అని తేల్చడానికి 1964–65లో జరిగిన మనస్తత్వశాస్త్ర అధ్యయనాన్ని కాకినాడ ప్రయోగం అంటారు. దీని సూత్రధారి హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్‌క్లెలాండ్. శిక్షణ ఇచ్చింది హైదరాబాదులోని సియెట్ సంస్థ. యూసుఫ్‌గూడలో ఉన్న నేటి ని-ఎంఎస్ఎంఈ అదే.

కాకినాడ నుంచి 52 మంది వ్యాపారులు, చిన్న పరిశ్రమలవారు విడతలుగా వచ్చారు. బొమ్మ చూపి కథ రాయించడం, ఆ కథలో తమ ఆశలూ భయాలూ ఎక్కడ బయటపడ్డాయో వారిచేతే పట్టించడం ఒక పద్ధతి. ఇంకొకటి మేకుకు రింగులు విసిరే ఆట. ఎంత దూరం నుంచి విసరాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. మరీ దగ్గరైతే గెలిచినా తృప్తి ఉండదు, మరీ దూరమైతే అంతా అదృష్టమే. కష్టపడితే అందే దూరాన్ని పోల్చుకోవడమే అందులోని పాఠం. కోచింగ్ అనగానే మనకు పోటీ పరీక్షలు గుర్తొస్తాయి గానీ, నేటి సంస్థల్లో ఆ మాటకున్న అర్థం ఇదే: జవాబు చెప్పకుండా, లక్ష్యాన్ని మనిషిచేతే పెట్టించడం.

తర్వాతి కాలంలో శిక్షణ పొందినవారిలో దాదాపు సగం మంది వ్యాపారంలో చురుకుగా ముందడుగు వేశారు. శిక్షణ లేనివారిలో అలాంటివారు సుమారు నాలుగోవంతు. సంప్రదాయ విశ్వాసాలు అడ్డురాలేదన్నది మరో ముఖ్యమైన ఫలితం. పంచె కట్టుకున్నవాడు కొత్త పనికి జంకుతాడన్న అపోహకు అది గట్టి సమాధానం. మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ఈ వివరాలను పుస్తకంగా తెచ్చారు.

సియెట్‌లో పనిచేసిన ఉదయ్ పారీక్ దీనికి ఒక చేర్పు చేశారు. తన గెలుపు ఒక్కటే చాలదని, పదిమందికి ఉపయోగపడాలన్న కోరిక కూడా మనిషిని నడిపిస్తుందని ఆయన వాదన. మనిషిని పనిలో నడిపించేదేమిటన్న ఈ ఆలోచనే తర్వాత మరికొందరిలోనూ కనిపిస్తుంది. ఉద్యోగి పనిలో లీనం కావడం గురించి పరిశోధకుడు విలియం కాన్ 1990లో రాశారు. మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ 1998లో సానుకూల మనస్తత్వశాస్త్రానికి పిలుపునిచ్చారు. పారీక్ మాట అంతకు చాలా ముందుది.

ఉద్యోగుల విషయానికొస్తే ఈ ప్రయోగంలో అన్నిటికన్నా విలువైనది, తక్కువగా తలచుకునేది మరొకటుంది. శిక్షణ ఎక్కువగా పట్టింది సొంతంగా నిర్ణయం తీసుకోగలిగినవారికే. ఉదాహరణకు, కొత్తకోట లాంటి ఊళ్లో హైవే పక్క దుకాణం యజమాని సరుకు మార్చి చూడగలడు, నష్టమొస్తే దిద్దుకోగలడు. అక్కడి గుమాస్తాకు అదే పాఠం ఎంత బాగా చెప్పినా, ఏ దూరం నుంచి రింగు విసరాలో యజమానే నిర్ణయిస్తుంటే అతను నేర్చుకున్నదాన్ని వాడే చోటుండదు.