మహాపద్మసరస్సులో మత్స్యసంపద

కాశ్మీరులోయకు జీవనాడి అయిన జీలం నది శ్రీనగరం దాటి వాయవ్యదిశగా ప్రవహించి, బండీపురా ప్రాంతంలో విశాలమైన వూలర్ సరస్సులో ప్రవేశిస్తుంది. సోపూర్ వైపున తిరిగి నదీరూపం దాల్చి బారాముల్లా దిశగా సాగిపోతుంది. సముద్రమట్టానికి సుమారు 1,580 మీటర్ల ఎత్తున ఉన్న ఈ సరస్సు భారతదేశంలోని పెద్ద మంచినీటి సరస్సులలో ఒకటి. ఇందులో నివసించే నాగరాజు పేరిట ప్రాచీనులు దీనిని మహాపద్మసరస్సు అని పిలిచారు. పెనుగాలులకు ఎగసిపడే కెరటాలను బట్టి ‘ఉల్లోల’ అనే సంస్కృతనామం ఏర్పడిందనీ, అదే క్రమంగా వూలర్‌గా మారిందనీ పండితుల అభిప్రాయం. లోయలో పట్టే చేపలలో సుమారు 60 శాతం ఈ సరస్సు నుండే లభిస్తున్నట్లు అంచనా.

ఇంతటి మత్స్యసంపద చరిత్రను పరిశీలించినపుడు ఒక విషయం స్పష్టమవుతుంది. సరస్సులోని నీటిని గురించీ, అందులో చేరే ఒండ్రుమట్టిని గురించీ పాలకులు చేసిన ప్రతి నిర్ణయమూ తుదకు చేపల మీదా, వాటిని నమ్ముకొన్న జాలరుల మీదా ప్రభావం చూపింది.

సుయ్యుని కట్టుబాటు

కల్హణుడు 12వ శతాబ్దంలో రచించిన ‘రాజతరంగిణి’లో సరస్సు ప్రస్తావన విరివిగా కనిపిస్తుంది. అవంతివర్మ (855-883) పాలనకు పూర్వం వితస్తానది, అనగా నేటి జీలం, తరచు పొంగి పొలాలను ముంచివేసేది. కరవు పీడించేది. ఒక చండాల స్త్రీ పెంచి పెద్దచేసిన సుయ్యుడనే మేధావి ఈ సమస్యను పరిష్కరించాడు. కొండలనుండి జారిన బండరాళ్లు నదీగర్భంలో పేరుకొని ప్రవాహాన్ని అడ్డగించడమే వరదలకు మూలమని గ్రహించి, అతడు ఆ స్థలంలో దీనారాలను నీటిలోనికి విసిరివేయించాడట. ఆకలిగొన్న ప్రజలు నాణేల కోసం రాళ్లను తొలగించగా నదికి దారి ఏర్పడింది. పిమ్మట అతడు ఏడు రోజులపాటు నదిని బంధించి, అడుగును శుభ్రపరచి, నీటిని విడిచిపెట్టాడు. ఖారీ ధాన్యం ధర 200 దీనారాల నుండి 36 దీనారాలకు దిగివచ్చిందని కల్హణుడు పేర్కొన్నాడు.

నది సరస్సును వీడే చోట సుయ్యుడు నిర్మించిన సుయ్యపురమే నేటి సోపూర్. నీటినుండి వెలికివచ్చిన భూములను గుండ్రని కట్టలతో రక్షించి గ్రామాలను నెలకొల్పిన అతడే, సరస్సులో చేపలను, పక్షులను చంపరాదని శాశ్వత నిషేధం విధించాడు. అవంతివర్మ కాలంలో పదేళ్లపాటు జీవహింస నిషిద్ధమై ఉండగా, పెద్ద పెద్ద చేపలు చల్లని నీటిని వీడి నిర్భయంగా ఒడ్డుకు చేరి ఎండ కాగేవని కూడ కల్హణుని వర్ణన. ఇందులో కవి అతిశయోక్తి కొంత ఉండవచ్చు. అయినప్పటికీ సేద్యానికి భూమిని తీసుకొంటూనే జలచరాలకు రక్షణ కల్పించాలన్న భావన 9వ శతాబ్దంలోనే ఉండేదనడానికి ఇది నిదర్శనం.

15వ శతాబ్దంలో సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ (1420-1470) సరస్సు నడుమ జైనలంక అనే ద్వీపాన్ని నిర్మింపజేశాడు. తుఫానులో చిక్కిన పడవలకు అది ఆశ్రయంగా ఉండేదని ప్రతీతి.

హాంజీల జీవనం

కాశ్మీరులో నీటిపై జీవించే వారిని హాంజీలంటారు. వీరిలో చేపలు పట్టేవారు గాడ్ హాంజీలు. ‘గాడ్’ అనగా చేప. వల విసరడం, ఈటెతో పొడవడం వీరి పారంపరిక విద్యలు. వీరు సరస్సు నుండి సింఘాడా కాయలను, నద్రూ అనే తామరతూడును కూడ సేకరిస్తారు. చేప, నద్రూ కలిపి వండే కూర కాశ్మీరీల ప్రీతిపాత్రమైన వంటకం. పుష్యమాసంలో కాశ్మీరీ పండితులు గృహదేవతకు చేపను, అన్నాన్ని నివేదించే ‘గాడ బత’ ఆచారం నేటికీ ఉంది.

ఆస్ట్రియా యాత్రికుడు హ్యూగెల్ 1835లో కాశ్మీరును సందర్శించి సేకరించిన చేపలను వియన్నాలో హెకెల్ పరిశీలించి, 1838లో గ్రంథస్థం చేశాడు. వాటిలో ప్రధానమైనవి షిజోథొరాక్స్ ప్రజాతికి చెందినవి. స్నో ట్రౌట్ అని వ్యవహరించే ఈ చేపలనే స్థానికులు ‘కాశుర్ గాడ్’, అనగా కాశ్మీరీ చేప, అంటారు.

కొత్త చేప, కొత్త చెట్టు

1950ల దశకంలో ఉత్పత్తిని పెంచే సదుద్దేశంతో కామన్ కార్ప్ అనే చేపను కాశ్మీరు జలాలలో ప్రవేశపెట్టారు. ప్రజలు దీనికి ‘పంజాబ్ గాడ్’ అని పేరుపెట్టారు. స్నో ట్రౌట్ జాతులలో పెక్కు వసంతకాలంలో సరస్సును వీడి, చల్లని ఏరులకు ఎదురీది, గులకరాళ్ల నడుమ గ్రుడ్లు పెడతాయి. కార్ప్‌కు ఈ ప్రయాణంతో పనిలేదు. నాచు, నీటిమొక్కలు దట్టంగా పెరిగిన నిలువనీటిలోనే అది గ్రుడ్లు పెట్టి వృద్ధిచెందుతుంది. సరస్సు పూడి, కలుపు పెరిగినకొద్దీ దానికి అనుకూలం. దేశవాళీ చేపకు ప్రతికూలం. ఏరులలో ఇసుక, గులక తవ్వకాలు దేశవాళీ చేపల సంతానోత్పత్తి స్థలాలను మరింత దెబ్బతీశాయి.

ఇదే కాలంలో వంటచెరకు అవసరాలకై సరస్సు గర్భంలోనే విల్లో చెట్లను విస్తారంగా నాటారు. వాటి వేళ్లు జీలం మోసుకొనివచ్చే ఒండ్రును పట్టి నిలిపివేశాయి. ఎగువ పట్టణాల మురుగునీరు దీనికి తోడయింది. 1911లో 157 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న సరస్సు విస్తీర్ణం 2007 నాటికి సుమారు 86 చదరపు కిలోమీటర్లకు కుదించుకొనిపోయింది. వ్యవసాయం, విల్లో వనాలు ఇందుకు ముఖ్య కారణాలు. 1990లోనే రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడినేలగా గుర్తింపు పొందినప్పటికీ ఈ క్షీణత ఆగలేదు. 1992 నాటి వరద తెచ్చిన మట్టిలో తామరలు సైతం కూరుకొనిపోయాయి. చేపలు తగ్గినపుడు హాంజీ కుటుంబాలకు ఆదుకొనే రెండవ ఆధారం తామరతూడు. వరదతో అదీ పోయింది.

పునరుద్ధరణ

2012లో సరస్సు పరిరక్షణకై ప్రత్యేక ప్రాధికార సంస్థ ఏర్పడింది. అనంతరం విల్లోలను తొలగించి, పూడిక తీసే పనులు సాగాయి. ఫలితంగా 2025 వేసవిలో, సుమారు మూడు దశాబ్దాల తరువాత, వూలర్‌లో తామరలు మళ్లీ విరివిగా పూచాయి. నద్రూ సేకరించే కుటుంబాలకు ఇది గొప్ప ఊరట.

అయితే తామర గింజ మట్టిలో దాగి దశాబ్దాలు వేచి ఉండగలదు. చేపకు ఆ శక్తి లేదు. కాశుర్ గాడ్ పూర్వవైభవం పొందాలంటే సరస్సులోని పూడికతో పాటు, అందులో చేరే ఎరిన్, మధుమతి వంటి ఏరుల గులకరాళ్ల పరుపులు కూడ సురక్షితంగా ఉండాలి. నదికి దారి తెరచిన సుయ్యుడు జలచరాల రక్షణను విస్మరించలేదు. ఆ రెండు బాధ్యతలను ఏకకాలంలో నిర్వహించడమే మహాపద్మసరస్సు నేటి పాలకులనుండి కోరుతున్నది.