పోలండు చరిత్రలో కతోలిక విశ్వాసం

1980 ఆగస్టులో, బాల్టిక్ సముద్రతీరాన వున్న గ్దాన్‌స్క్ పట్టణంలో ఓడలు కట్టే కార్మికులు సమ్మె కట్టారు. ఆ కర్మాగారానికి పెట్టిన పేరు లెనిన్ పేరు. సమ్మెదారులు దాని గేటుకి పూలు చుట్టి, మరియమాత పటాన్నీ, పోపు పటాన్నీ తగిలించారు. పనిబట్టలతోనే మోకరిల్లి దివ్యపూజలో పాల్గొన్నారు. శ్రామికుల పేర పాలిస్తున్న ప్రభుత్వం మీద శ్రామికులే మరియమాత సాక్షిగా తిరగబడ్డారన్నమాట. యీ దృశ్యం మనబోటి అభ్యుదయవాదులకి యిప్పటికీ మింగుడు పడదు. మతోన్మాదుల కుట్ర అని కొందరు కొట్టిపారేశారు. నాస్తికత్వం మీద దేవుడి గెలుపని మరికొందరు పండగ చేసుకున్నారు. పోలండు చరిత్రని పక్కకి నెట్టి చేసిన తీర్పులివి రెండూ.

మతాన్ని మత్తుమందుతో పోల్చిన మార్క్సు మాట మనవాళ్ళందరికీ కంఠతా వచ్చు. దానికి ముందే, మతంలో బాధితుల బాధా, ఆ బాధ మీద నిరసనా కూడా వున్నాయని ఆయన చెప్పిన సంగతి మాత్రం తరచు మరచిపోతాం. ఆ మరచిన భాగం అర్థం కావాలంటే పోలండు చరిత్ర చదవాలి.

పోలండు అనాదిగా కతోలిక దేశమన్నది సగం నిజం. 966 లో మియెష్కో రాజు బాప్తిస్మం పుచ్చుకున్నాడు. కాని పదహారవ శతాబ్దం నాటికి ఆ రాజ్యంలో కతోలికులతో పాటు ఆర్థడాక్సు క్రైస్తవులూ, ప్రొటెస్టెంట్లూ, యూదులూ, తాతారు ముసల్మానులూ వున్నారు. ఐరోపా మతయుద్ధాలతో మండుతున్న రోజుల్లో, 1573 లో, వార్సాలో కూడిన ప్రభువర్గం మతభేదం పేర రక్తం చిందించబోమని ఒడంబడిక చేసుకుంది.

1655 లో స్వీడను సైన్యాలు దేశాన్ని ముంచెత్తాయి. చెన్స్తొఖోవా పట్టణంలోని యాస్నా గూరా మఠం మాత్రం లొంగలేదు. నల్లని ముఖంతో వున్న ప్రసిద్ధ మరియమాత చిత్రం ఆ మఠంలోనే వుంది. మరుసటి యేడు యాన్ కజిమియెష్ రాజు ల్వూవ్ నగరంలో రెండు ప్రమాణాలు చేశాడు. మరియమాత యీ రాజ్యానికి రాణి అన్నది ఒకటి. రైతుల మీద వున్న అన్యాయపు భారాలు తొలగిస్తానన్నది రెండవది. మొదటి ప్రమాణం గుడికెక్కింది, రెండవది అటకెక్కింది. తరవాతి చరిత్రలో కనిపించే వైరుధ్యమంతా యీ రెండు ప్రమాణాల మధ్యనే వుంది.

1772, 1793, 1795 సంవత్సరాల్లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ప్రభువులు పోలండుని మూడు విడతలుగా పంచుకు తిన్నారు. 1918 దాకా, 123 యేళ్ళపాటు, పోలండు అనే స్వతంత్ర రాజ్యం లేదు. స్వభాషలో పదిమందీ గొంతు కలపగలిగిన చోట్లలో గుడి ముఖ్యమైనదిగా మిగిలింది. రష్యా పాలకులది ఆర్థడాక్సు మతం, ప్రష్యా పాలకులది ప్రొటెస్టెంటు మతం. అందువల్ల ఆ ప్రాంతాల్లో కతోలికుడనడమూ పోలిషువాడనడమూ ఒకే మాటగా వినపడసాగింది.

1901 లో ప్రష్యా యేలుబడిలోని వ్జెష్న్యా అనే చిన్న పట్టణంలో బడిపిల్లలకి మతపాఠం జర్మను భాషలో చెప్పడం మొదలుపెట్టారు. పిల్లలు ఆ భాషలో బదులు చెప్పడానికి నిరాకరించారు. పంతుళ్ళు బెత్తాలతో కొట్టారు. అడగబోయిన పెద్దల మీద కేసులు పెట్టి జైళ్ళకి పంపారు. భాషాపాఠం చెప్పుకుని బతికే నాకు యిక్కడొక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. జర్మను పాఠంలో వున్నదీ ఆ దేవుడే. అమ్మ నేర్పిన మాటలో ఆ దేవుణ్ణి పిలుచుకునే హక్కు కోసమే పిల్లలు దెబ్బలు తిన్నారు.

మరి రోము మతపీఠం యేమి చేసింది? 1830 నవంబరులో రష్యా జారు మీద పోలండు తిరగబడింది. తిరుగుబాటు అణగిపోయాక, 1832 లో పోపు పదహారవ గ్రెగరీ దాన్ని తప్పుపట్టి, పాలకుడికి లోబడి వుండడమే ధర్మమని పోలండు బిషప్పులకి వ్రాశాడు. ఆ పాలకుడు కతోలికుడైనా కాదు! అదే 1832 లో, ప్రవాసంలో వున్న మహాకవి ఆడమ్ మిత్స్కెవిచ్ తన "పితరులు" నాటకంలో మూడవ భాగం ప్రకటించాడు. అందులో పోలండు, సిలువనెక్కిన క్రీస్తుగా దర్శనమిస్తుంది. రోము తప్పుపట్టిన జాతిని కవి దేవుడి పక్కన నిలబెట్టాడు. ప్రజలు రోమునీ విడవలేదు, కవినీ విడవలేదు. తిరుగుబాటు విషయంలో మాత్రం వాళ్ళు విన్నది కవి మాటనే. 1863 లో మళ్ళీ తిరగబడ్డారు.

అయితే కవి కల్పనని ఆకాశానికెత్తి వూరుకోరాదు. తానే బలి అయ్యాననుకునే జాతికి, తన యింట్లో జరిగే బలులు కనిపించవు. 1846 లో ఆస్ట్రియా యేలుబడిలోని గలీషియాలో ప్రభువర్గం స్వాతంత్ర్యం కోసం కత్తి దూస్తే, రైతులు ఆ ప్రభువుల మీదనే పడి వందలమందిని చంపారు. చంపినవారూ కతోలికులే, చచ్చినవారూ కతోలికులే. ఆస్ట్రియా అధికారులు రైతుల కోపాన్ని వాడుకున్న మాట నిజమే. కాని ఆ కోపం వెట్టిచాకిరీలో పుట్టింది. ఒకే గుడిలో మోకరిల్లినంత మాత్రాన భూస్వామి రైతుకి అన్న కాలేదు. ల్వూవ్‌లో అటకెక్కిన ప్రమాణానికి 190 యేళ్ళ వడ్డీ అది.

మిత్స్కెవిచ్ యీ పాఠం గ్రహించినట్టే వుంది. 1848 లో రోములో ఆయన వ్రాసిన నియమావళిలో ప్రతి కుటుంబానికీ భూమి, స్త్రీకి సమానహక్కు, యూదుకి అన్నగా గౌరవమూ సమాన పౌరసత్వమూ వున్నాయి. విశ్వాసం తొక్కగలిగిన దారుల్లో యిది ఒకటి. యింకొక దారి 1936 లో కనిపిస్తుంది. స్వతంత్ర పోలండులో ప్రధాన మతాధిపతి అయిన కార్డినల్ హ్లోంద్, హింస వద్దంటూనే, యూదులు నీతిని చెరుస్తున్నారనీ, వారి దుకాణాలకి దూరంగా వుండడం మంచిదనీ విశ్వాసులకి లేఖ వ్రాశాడు. అప్పటికి దేశంలో పదిమందిలో ఒకరు యూదు. కొన్నేళ్ళకే హిట్లరు ముఠా వారిలో సుమారు 30 లక్షలమందిని చంపింది. ఆ రోజుల్లో యూదు పిల్లల్ని మఠాల్లో దాచిన కన్యాస్త్రీలు వున్నారు. 1941 లో యెద్వాబ్నెలో యూదుల్ని చంపిన పొరుగువారూ వున్నారు. యుద్ధానంతరం సరిహద్దులు కూడా మారాక పోలండు యించుమించు పూర్తిగా కతోలిక దేశమైంది. హత్యాకాండ మిగిల్చిన ఆ యేకత్వాన్ని విశ్వాసం సాధించిన విజయంగా చెప్పుకోవడం సరికాదు.

తరవాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం చరిత్ర నుంచి యేమీ నేర్చుకోలేదు. 1953 లో కార్డినల్ విషిన్‌స్కీని నిర్బంధించి 1956 దాకా విడవలేదు. క్రాకో పక్కన నోవా హుతా అనే ఉక్కునగరాన్ని గుడి లేకుండా కట్టింది. 1960 లో, గుడి కోసమని నాటిన సిలువని అక్కడినుంచి తీయించబోతే కార్మిక కుటుంబాలు పోలీసులతో కలబడ్డాయి. 1968 లో "పితరులు" నాటక ప్రదర్శనని ప్రభుత్వం ఆపించింది. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నూరేళ్ళ పైబడిన కవి మాటకి భయపడే ప్రభుత్వం ప్రజల ప్రభుత్వమని నమ్మమంటే నమ్మేదెవరు? గుడికి తిరిగి మాతృభూమి స్థానం కట్టబెట్టింది ఆ ప్రభుత్వమే.

1978 లో క్రాకో ఆర్చిబిషప్పు వొయితీవా, జాన్ పాల్ అనే పేరుతో పోపు అయ్యాడు. 1979 జూనులో ఆయన స్వదేశానికి వస్తే లక్షలాదిమంది కూడారు. తామెంతమందిమో ప్రజలు కళ్ళారా చూసుకున్నారు. మరుసటి యేడే గ్దాన్‌స్క్ సమ్మె. కార్మికుల 21 కోరికల్లో మొదటిది, పార్టీకి లోబడని కార్మికసంఘం. మాంసం సరఫరా, ప్రసూతి సెలవు, శనివారం సెలవు కూడా వాటిలో వున్నాయి. మతప్రసక్తి, వాక్స్వాతంత్ర్యం అడిగిన మూడవ కోరికలో వస్తుంది. ఆగస్టు 26 న విషిన్‌స్కీ యాస్నా గూరాలో ప్రసంగిస్తూ సంయమనం పాటించమన్నాడు. ప్రభుత్వ టెలివిజను ఆ ప్రసంగాన్ని కొంత కత్తిరించి ప్రసారం చేసింది. కార్మికులు సమ్మె ఆపలేదు. గేటు మీది పటమూ తీయలేదు. 31 న ప్రభుత్వం ఒప్పందం మీద సంతకం పెట్టింది. 1832 లో జరిగినట్టే యిప్పుడూ ప్రజలు విశ్వాసాన్ని వుంచుకుని, పెద్దల సలహాని పక్కన పెట్టారు.

గుడి చేసిన సాయాన్ని తక్కువ చేయరాదు. 1981 డిసెంబరులో సైనికపాలన వచ్చి సాలిడారిటీ సంఘాన్ని అణచినప్పుడు ఖైదీల కుటుంబాలకి గుడులే ఆసరా అయ్యాయి. కార్మికుల పక్షాన ప్రసంగించిన పొపియెవూష్కో అనే యువ గురువుని 1984 లో రహస్య పోలీసులు చంపారు. 1989 జూను యెన్నికల్లో ఆ ప్రభుత్వం కూలింది.

ఆ తరవాత మతపీఠం తానే ఒక అధికారమైంది. 1993 లో వచ్చిన చట్టం గర్భస్రావాన్ని చాలావరకు నిషేధించింది. 2020 అక్టోబరులో, పిండానికి తీవ్రలోపం వున్నప్పుడు వుండిన అవకాశాన్ని కూడా రాజ్యాంగ న్యాయస్థానం తీసివేసింది. లక్షలాది స్త్రీలూ యువకులూ వీధుల్లోకి వచ్చారు. కొందరు గుడిలోకి నడిచి పూజ జరుగుతుండగానే నిరసన తెలిపారు. గ్దాన్‌స్క్ గేటు దగ్గర మోకరిల్లినవారి మనవరాళ్ళ తరం అది. పిల్లల మీద గురువులు చేసిన అత్యాచారాల్ని పెద్దలు కప్పిపుచ్చిన సంగతులు బయటపడ్డాక, యువతరం గుడికి మరింత దూరమైంది. జారూ, పార్టీ చేయలేని పనిని మతపీఠం తన చేతులారా చేసుకుంది.

కాబట్టి మతం కనిపించగానే ముఖం తిప్పుకోవడం విమర్శకుడికి తగదు, చేతులు జోడించడమూ తగదు. ఆ విశ్వాసం యెవరి చేతిలో వుంది, యెవరి బరువు దించుతోంది, యెవరి నెత్తిన బరువు పెడుతోంది అని అడగాలి. పోలండులో మొదటి ప్రమాణం నాటినుంచి నేటిదాకా గుడిలోనే వుంది. రెండవదాన్ని అటక మీదనుంచి దింపమని అడిగేవాళ్ళు మాత్రం ప్రతి తరంలోనూ పుడుతూ వచ్చారు. ఆ జాతి ఆశలు నిలిచింది వాళ్ళవల్లనే.